తెల్లని గోడలు

"పైకి రారా అంటే వినవేం!" హమ్దా బావి అంచున కూర్చుని తాడు లాగుతోంది.

లోపల్నుంచి కొడుకు ఫురైజ్ నవ్వాడు. "అట్లా లాగితే నేను పైకి రావడం కాదు, నువ్వే కిందికొస్తావమ్మా."

"రాయి మెత్తబడిందన్నావుగా?"

"మెత్తబడితేనే కదా నీళ్లు! నిన్నటిదాకా ఉలి విరిగే ఎర్రరాయి. ఇవాళ పిండిలా రాలుతోంది. ఇంకో మూరెడు తవ్వితే మన బాదం చెట్లు బతుకుతాయి."

"బావి కూలి పోయిన మీ మేనమామ కూడా ఇట్లాగే నవ్వాడు. తడి పట్టి పట్టి లోపల మట్టైపోయిన రాయిరా అది. పైకి కొండలా కనబడుతుంది. కూలేటప్పుడు మనిషికి చెప్పదు."

రేకు మీద రొట్టెలు కాలుస్తున్న కోడలు నువైరా తలెత్తింది. "నిన్న తేళ్లన్నావు, మొన్న వరదన్నావు. నీ కొడుకుని ఓ సంచిలో కట్టి గోడకు తగిలించెయ్ అత్తా."

"తగిలిస్తానే. బతికుంటాడు."

"మన గోడకొద్దు. పూత పాడవుతుంది!"

లోయలో అంత తెల్లటి ఇల్లు ఇంకోటి లేదు. ఏటా చలికి ముందు హమ్దాయే ఎక్కడినుంచో తెల్లమట్టి తెచ్చి పూస్తుంది.

"ఆ మట్టి ఎక్కడిదో ఇప్పటికైనా చెప్పు అత్తా."

"పోయేటప్పుడు చెప్తాలే. ఎన్నేళ్లు తవ్వినా తరగదు." హమ్దా మళ్లీ బావిలోకి వంగింది. "ఒరే, నువ్వు పైకొచ్చేదాకా నేను పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను. దేవుడి మీద ఒట్టు!"

ఫురైజ్ గొణుక్కుంటూ పైకొచ్చాడు. "గెలిచావు. ఇప్పుడెక్కడ కూర్చోమంటావ్?"

"పెద్దబండ కిందికి పో. అక్కడ ఎండ పొడే తగలదు, రాత్రి మంచు తడి కూడా ఆరలేదు. చల్లగా పడుకో. రొట్టె నేను తెస్తా."

తాతల నాటి నుంచీ గొడుగులా ముందుకు వంగిన ఆ బండ కింద గింజలు దాచుకున్నారు, మేకల్ని కట్టుకున్నారు. ఫురైజ్ వెళ్లి కాళ్లు బారజాపాడు. అది చూశాక హమ్దా గుండె కుదుటపడింది. రొట్టెకు నెయ్యి రాస్తూ కూర్చుంది.

ఒక్కసారిగా నేల అదిరింది.

"చెప్పానా! చెప్పానా!" రొట్టె పారేసి బావి దగ్గరికి పరుగెత్తింది హమ్దా. బావి గోడలు చెక్కుచెదరలేదు. తాడు అట్లాగే వేలాడుతోంది. అడుగున సన్నగా నీళ్లు మెరుస్తున్నాయి.

అప్పుడు వినిపించింది, వెనక నువైరా కేక. పెద్దబండ ముందుకు ఒరిగి నేలకు ఆనుకుపోయింది. దాని కింద నీడ లేదు.

హమ్దా ఏటా గోడలకు పూసే తెల్లమట్టి ఆ బండ కింద తవ్వి తెచ్చిందే.