బడి గేటు దగ్గర ఇనుప జవాను

హైమావతి విజయనగరంలో తన వంటింటి పక్క గదిలో కూర్చుని, పరాయి దేశంలోని ఒక ఆడపిల్లల బడికి కాపలా కాస్తుంది. అక్కడి గేటు దగ్గర నిలబడిన ఇనుప జవాను ఒక మరమనిషి; దానికి కళ్లూ గొంతూ ఆమే. ఆమె తెలుగులో మాట్లాడితే, అక్కడివాళ్లకు వాళ్ల భాషలో వినిపిస్తుంది.

ఆ ఉదయం మన సేనలను వెనక్కి రప్పిస్తున్నట్టు టీవీలో ప్రకటించారు. మధ్యాహ్నానికల్లా జవానును ఆపేయాలనీ, అక్కడివాళ్లకు ముందుగా చెప్పకూడదనీ ఆమెకు ఉత్తర్వు వచ్చింది.

“మంచిదే. ఆల్ల గొడవ ఆల్లే సూసుకుంతారు. మనం ఎన్నాల్లని కాత్తాం?” అన్నాడు భర్త సింహాద్రి, బెండకాయలు తరుగుతూ.

“ఆడపిల్లలకి సదువొద్దని తుపాకులోల్లు మూసేసిన బడిని మనల్ని నమ్మి తెరిసారు. ఏ ఇంటి పిల్ల సదువుకుందో ఇప్పుడు ఊరందరికీ తెలుసు. ఒగ్గేసి రావడమే కాక, సెప్పకుండా రావాలా?” అంది హైమావతి.



కోపం చల్లారకముందే హైమావతి అక్కడి పంతులమ్మ నర్గిస్‌ను గేటు దగ్గరికి పిలిచింది. “మజ్జానం నించి నానుండనమ్మా. పిల్లల్ని ఇప్పుడే ఇళ్లకి పంపీ. నువ్వూ ఎల్లిపో.”

నర్గిస్ ముఖం పాలిపోయింది. “చెప్పినందుకు మీకు శిక్ష పడదా?”

“పడనీ.”

పిల్లలు పుస్తకాలు బడిలోనే వదిలేసి బయటికి వచ్చారు. హైమావతి పక్కన పై అధికారి నుంచి ఫోను మోగుతూనే ఉంది. పిల్లల వెనకే నర్గిస్ కూడా సందు మలుపు తిరిగేదాకా ఆమె దాన్ని ఎత్తలేదు.