పురుగుల్లేని బీడు

ఎవరో ముసలావిడ పేడకడిని పుల్లతో కెలుకుతోంది. అదీ తన బీడులో, తనని అడక్కుండా.

పాలరైతుకి ఒళ్లు మండింది.

"ఏమ్మా! మా పేడలో ఏం పోగొట్టుకున్నావ్?"

ఆవిడ తలెత్తి నవ్వింది.

"పురుగులు బాగున్నాయి బాబూ. రేపు ఆఫీసరు తనిఖీకి వస్తాడటగా. ఆయన వచ్చి వెళ్లేదాకా ఈ పేడ ఎత్తకండి."

అసలే అతను మండిపోతున్నాడు. సర్కారు మాట నమ్మి ఏడాదిగా దాణా బస్తాలు మానేశాడు. ఆవుల్ని కొట్టంలో కట్టెయ్యకుండా బీడులో తిప్పి మేపుతున్నాడు. పాలు సగానికి పడిపోయాయి. ఇలా మారినవాళ్లకి ఇస్తామన్న సాయం మాత్రం ఆఫీసు గడప దాటి రాలేదు. రేపటి తనిఖీలో గట్టెక్కకపోతే ఇక ఆవుల్ని అమ్ముకోవడమే. బావమరిది అప్పుడే బేరగాణ్ణి కూడా చూసిపెట్టాడు.

"ఎవరు పంపారు నిన్ను? దాణా కంపెనీవాళ్లా?"

"ఎవరూ పంపలేదయ్యా. నేనే వచ్చాను."

"ఇంటికి చుట్టాలొస్తుంటే ఇల్లు ఊడవొద్దని చెప్పేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా!"

"ఆయన చూసేది ఆ పురుగుల్నే నాయనా."

"పురుగుల్ని చూడ్డానికి జీపేసుకుని వస్తాడా? నా చెవిలో పూలు పెడుతున్నావా?"

కొట్టం దగ్గర్నుంచి భార్య కల్పించుకుంది.

"పోనీ, ఆవిడ చెప్పేదేదో పూర్తిగా వినొచ్చుగా."

"సర్కారు చెప్పింది విన్నందుకే ఈ గతి పట్టింది. ఇక దారినపోయేవాళ్లు చెప్పేది కూడా వినాలా?"

చేతిలో కొట్టం కడిగే పైపుంది. కోపమంతా ఆవిడ మీదికే తిప్పాడు. ఆవిడ నిలువెల్లా తడిసిపోయింది.

"కడిగితే కడుగు బాబూ. పురుగుమందు మాత్రం చల్లకు."

చేత్తో మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

మందు సంగతి గుర్తుచేసి మంచిపనే చేసిందనుకున్నాడు మహానుభావుడు. ఆవుల్ని కొట్టంలో కట్టేసి, సాయంత్రానికల్లా పేడంతా ఎత్తించి, బీడంతా మందు చల్లించాడు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. అద్దంలా కడిగిన కొట్టం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తిన్నగా బీడులోకి నడిచి, మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం తీశాడు.

"పేడ ఏదీ?"

"ఎత్తించేశాం సార్. ఒక్క పురుగు కనిపిస్తే నన్నడగండి!"

ఆఫీసరు గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు.

"మందు చల్లారా?"

"బాగా పట్టించాం సార్."

"పేడని భూమిలోకి తీసుకుపోయే పురుగులు బతికున్నాయా లేదా అని చూడ్డమేనయ్యా ఈ తనిఖీ! మందు చల్లిన బీడుకి సాయం రాదు."

రైతు భగ్గుమన్నాడు.

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా! ఏడాదిగా మీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నా. ఒక్కరైనా నోరు విప్పారా?"

"ముందే చెబితే అందరూ ఎక్కడెక్కడి పురుగుల్నో తెచ్చి పోస్తారని, చెప్పకూడదని రూలు."

"తగలెయ్యండి మీ రూలు! నా ఆవులు పోతాయి సార్!"

ఆఫీసరు తల దించుకున్నాడు. ఆ రూలు రాసినవాడు పుట్టి బుద్ధెరిగి పేడ తొక్కి ఉండడు. అమలు చేసేవాడికి తల దించుకోవడం ఒక్కటే వచ్చు.

"నిన్న ఒక ముసలావిడ రాలేదా?" అన్నాడు మెల్లగా. "ఆఫీసు గోడకి అంటించిన తేదీలు చూసుకుని, తనిఖీ ఉన్న ప్రతి ఇంటికీ ముందురోజే వెళ్లి చెప్పొస్తుంది. మేమూ చూసీ చూడనట్టు ఊరుకుంటాం."

"వచ్చింది సార్. నీళ్లు కొట్టి తరిమేశాడు ఈ మనిషి," అంది భార్య.

రైతు జీపు దాకా ఆఫీసరు వెంటపడ్డాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

ఆఫీసరు జీపెక్కి కూర్చున్నాడు.

"పోయినేడు మీలాగే మందు చల్లించి, ఉన్న ఆవులన్నీ అమ్ముకున్న రైతు."