దీవి నుంచి కార్డు

“దీవి నుంచి కార్డొస్తే నా చేతికే ఇవ్వాలి. ఇంట్లో వెయ్యొద్దు,” అన్నాడు తీగలాయన, పోస్టుమాన్ సైకిలు హ్యాండిల్ పట్టుకుని.

ఇంటి మీద ఏరియల్ తీగలు దట్టంగా కట్టాడు కాబట్టి ఆయనకా పేరు. వాటికి తగులుకుని ఓసారి మబ్బు చిరిగిందనీ, వీధి వీధంతా తడిసిందనీ ఆయనే చెబుతాడు. అలాంటి మనిషి, సముద్రం నడిమధ్య ఎవరికీ దొరకని దీవితో ఇంట్లో రేడియో సెట్ మీంచి మాట్లాడానంటే రేడియో క్లబ్బులో ఎవడు నమ్ముతాడు? భార్య, తన తండ్రి కంటి ఆపరేషన్‌కి ఈయన్ని తోడుంచి, అక్కగారి ఊరెళ్ళిన వారంలో సంగతి ఇది. మాట్లాడినట్టు అవతలివాళ్ళ నుంచి రుజువు రావాలి, అచ్చు కార్డయినా సరే, కంప్యూటర్‌లోదయినా సరే. ఇద్దరూ ఎవరికి వారు ఎక్కించిన తేదీ, వేళ కలిస్తేనే కంప్యూటర్ ఔనంటుంది. ఈయనది కలవలేదు. ఆదివారంలోగా రుజువు చూపకపోతే క్లబ్బు మైకు ముట్టనివ్వనన్నాడు సెక్రటరీ.

ఇక ఆయన కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున్నే పోస్టాఫీసు. అక్కణ్ణించి క్లబ్బు. విదేశాల నుంచి కట్టలుగా వచ్చే కార్డుల్ని అక్కడ విడదీసే టీచరమ్మ వెనకాల నిలబడి, తన కార్డు ఇంటికి పంపొద్దని బతిమాలడం. ఇంటికొచ్చాక భార్య కుట్టుమిషన్ ముందు కూర్చోగానే కంప్యూటర్ తెరవడం, ఆవిడ లేస్తే మూసెయ్యడం. ఓ పూట టీలో చక్కెరనుకుని ఉప్పు కలుపుకున్నాడు. తాగేశాడు కూడా.

ఆ కార్డేదో వచ్చేస్తే బాగుణ్ణని ఆవిడ గడియారాల మెకానిక్ దగ్గర వాపోయింది. వచ్చిన ప్రతి కార్డూ పైకి చదివి, ముందుగది గోడకి అంటించేది ఆవిడే మరి.

మెకానిక్ కూడా రేడియో మనిషే. బావా అంటాడు గానీ చుట్టరికం లేదు. తీగలాయన దీవితో మాట్లాడుతుంటే తన కొట్లో సెట్ పెట్టుకుని విన్నాడు, మంగళవారం మధ్యాహ్నం. తీరా చూస్తే తీగలాయన ఎక్కించింది బుధవారమని.

“తేదీ తప్పేశావు బావా. దిద్దితే ఇట్టే కలుస్తుంది.”

“బుధవారమే. నువ్వు విన్నది ఇంకెవర్నో.”

“నీ గొంతు నాకు తెలీదా? రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుంది.”

తీగలాయన నవ్వలేదు. మైకు ముట్టనివ్వకపోతే మానె, నువ్వు మాత్రం వేలు పెట్టకు అన్నాడు. పాపం, పౌరుషానికి పోతున్నాడనుకున్నాడు మెకానిక్. స్నేహితుడి పరువు కదా, దీవివాళ్ళకి తనే మెయిల్ పెట్టాడు. వాళ్ళూ మంగళవారమే అన్నారు. కంప్యూటర్‌లో ఆయన ఖాతా తెరిచిపెట్టింది తనే కాబట్టి తేదీ కూడా తనే దిద్దేశాడు. కలిసింది. దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చు తీయించి, ఆదివారం పొద్దున్నే లాటరీ తగిలినవాడిలా ఊగుతూ వచ్చాడు.

“చెల్లెమ్మా, నీ చేత్తోనే గోడకి అంటించు.”

తీగలాయన లోపల్నించి ఒక్క గెంతులో వచ్చాడు గానీ, అప్పటికే ఆవిడ పైకి చదివేస్తోంది. దీవి పేరు, మొగుడి పేరు, తేదీ, వేళ. వేళ దగ్గర ఆగింది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. కార్డు మడవకుండా, కోపంగా కూడా కాకుండా, మొగుడి వైపు చూసింది.

“మరి ఆ పూట ఆస్పత్రిలో, కళ్ళకి కట్టుతో ఉన్న మా నాన్న పక్కన కూర్చుంది ఎవరండీ?”