ఐదు పురుగుల రూలు

"దీని మీద రంపం పెట్టారో, మర్యాదగా ఉండదు!" తోటమాలి కొక్కెం కర్ర అడ్డం పెట్టి నిలబడింది.

రంపం మనిషి ఆగిపోయి చెట్ల ఆఫీసరు వంక చూశాడు. ఆసుపత్రి ఆవరణలో నీడంటూ ఉన్నది ఆ సన్నాకు చెట్టు కిందే. రోగుల తాలూకు వాళ్లు రోజంతా అక్కడే కూర్చుంటారు. ఇప్పుడు వాళ్లంతా దూరంగా జరిగి నిలబడ్డారు.

"రూలు రూలేనమ్మా. కొమ్మ మీద ఐదు పెంకు పురుగులు కనబడితే కొట్టేయాల్సిందే. ఇందాక నేనే ఒక కొమ్మ వంచి లెక్కపెట్టాను. ఏడున్నాయి" అన్నాడు ఆఫీసరు.

"పన్నెండేళ్లుగా దీనికి నీళ్లు పోస్తున్నాను, ఒక్క పురుగు వాలితే ఒట్టు! ఈ ఆకు వాసన వాటికి గిట్టదు సార్. గేటు దగ్గర మీరు నాటించిన వెడల్పాకు మొక్కలున్నాయే, వాటి వాసనకి పడి చస్తాయి. ఆకులు జల్లెడైపోయాయి, చూళ్లేదా?"

"చూశాను. ముప్పై మొక్కలవీ ఒక్కో ఆకు నలిపి, వాసన చూసి మరీ వచ్చాను. పురుగులు ఈ చెట్టులో పుట్టి అక్కడికి పోతున్నాయి. ఇరవై ఏళ్ల సర్వీసు నాది. నాకు నేర్పుతావా?"

"నలిపాక చేతులు కడుక్కున్నారా?"

"ఏం, నేనేమన్నా భోజనానికొచ్చానా?"

తోటమాలికి ఒళ్లు మండింది. "మీరు చేత్తో వంచిన కొమ్మ కాదు సార్, ఇంకోటి చూద్దాం. ఐదు కనబడితే రంపం నేనే అందిస్తా."

కొక్కెంతో ఒక కొమ్మ కిందికి లాగింది. పురుగు లేదు. ఇంకోటి లాగింది. అక్కడా లేదు. చూస్తున్నవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆఫీసరుకి రోషం ముంచుకొచ్చింది. "నాటకాలాడుతున్నావా? కాసేపాగు, అవే వస్తాయి!" అని తనే ఒక కొత్త కొమ్మ గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

వచ్చాయి. గేటు వైపు నుంచి బుర్రుమంటూ ఒకటొచ్చి ఆయన బొటనవేలి మీద వాలింది. వెనకే ఇంకో రెండు అరచేతిలోకి దూరాయి. ఆయన హడలిపోయి కొమ్మ వదిలేసి చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు. అంతే, వెనకాలే గుంపుగా వచ్చినవన్నీ చొక్కా మీదికి ఎగబడ్డాయి. చెట్టంత మనిషి చిందులు తొక్కుతుంటే ఆవరణంతా ఒకటే నవ్వులు. ఆయన వదిలేసిన కొమ్మ మీద మాత్రం ఒక్కటీ లేదు.

"ఆరు, ఏడు, ఎనిమిది..." తోటమాలి గట్టిగా లెక్కపెట్టింది. "రూలు రూలే కదా సార్?"

రంపం మనిషి ముందుకొచ్చి, ఆఫీసరుని కింద నుంచి పై దాకా ఒకసారి చూసి, వినయంగా అడిగాడు:

"మొదలుకంటా కోసెయ్యమంటారా సార్, కొమ్మలు కొట్టేస్తే చాలా?"