ఆదివారానికి వాపస్

“ఆదివారానికి తీస్కపో. సోమవారం నాడు గీ కంప్యూటర్ మీద ఎవ్వలు చెయ్యి వెట్టనట్టే కావాలె” అన్నాడు రాజలింగు.

కంప్యూటర్ ముందు కూర్చున్న విజయేందర్ తల ఊపాడు. గోదావరిఖని చౌరస్తాలో అతనికి రిపేరు దుకాణం ఉంది. వెనక్కి ఎందుకు తీసుకుపోవాలో అతను అడగలేదు, రాజలింగు చెప్పలేదు. గనిలో షిఫ్టు దిగి నేరుగా దుకాణానికి పోయి, విజయేందర్‌ను బండి మీద ఇంటికి ఎక్కించుకొచ్చాడు రాజలింగు. ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

“ఆదివారం నాటి రీస్టోర్ పాయింటు ఒకటి ఉన్నది కాకా. గప్పుడు ఎట్లుండెనో గట్లనే అయితది.”

“గదే గావాలె.”

గోడకు ఆనుకుని నిలబడ్డ కూతురు నిఖిత కిసుక్కున నవ్వింది. రాజలింగుకు ఒళ్లు మండింది.

“నవ్వుతవా? డిగ్రీ చదువుమంటె గనిల డంపర్ నడిపే ట్రైనింగుకు అర్జీ పెడుతవా? ‘మీ దరఖాస్తు అందింది’ అని నా ఫోనుకు రాకపోతె నాకు తెలుస్తుండెనా?”

“అర్జీ టైపు కొట్టింది నేనే. కాదన్ననా?”

“వాపస్ తీస్కుంటవా లేదా?”

“తీస్కోం. ఆడోళ్లు నడిపితె ఏమైతది బాపు? డంపర్ అలుగుతదా?”

విజయేందర్ నవ్వు ఆపుకుని తెర వైపు తిరిగాడు. ఈ గొడవకూ కంప్యూటరుకూ ఏం సంబంధమో అతనికి అర్థం కాలేదు. తెర మీది పచ్చ గీత నెమ్మదిగా ముందుకు జరిగింది. కంప్యూటర్ ఆగి, మళ్లీ మొదలై, ఒక మాట చూపించింది.

“రీస్టోర్ పూర్తి కాలేదంటుంది కాకా.”

“ఎందుకు కాదు?”

“యాంటీవైరస్ అడ్డం పడుతున్నట్టుంది. దాన్ని బంద్ వెట్టి మళ్ల సూస్త.”

“వెట్టు. గీ డబ్బకు గూడ నా బిడ్డ మొండితనమే అంటింది.”

రాజలింగు భార్య వినోద చాయ్ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా మళ్లీ వంటింట్లోకి పోయింది.

“మీ అవ్వను సూడు” అన్నాడు రాజలింగు కూతురితో. “ఇన్నేండ్లల ఒక్కనాడన్న నాకు ఎదురు చెప్పిందా?”

“చెప్పే సందు నువ్విస్తివా?”

“నిఖితా, సప్పుడు చెయ్యకు. ఓపెన్‌కాస్టు గని అంటె ఏందనుకున్నవ్? దుమ్ముల ముంగటి బండి కనవడది. మా షిఫ్టుల పనిచేసే రాజేశం జీపు డంపర్ కిందికి పోయింది. రేకులు కోసి తీసినం ఆన్ని. ఆని పెండ్లాం మొఖం చూపియ్యుమని మొత్తుకుంటె, చూపియ్యలేకపోయినం. నా ఇంట్లకెల్లి గా గనికి నేనొక్కన్ని పోతున్న. సాలు.”

నిఖిత ముఖంలో నవ్వు పోయింది. కానీ గొంతు తగ్గించలేదు.

“మరి నువ్వెందుకు పోతున్నవ్?”

“మీ బువ్వ కోసం.”

“గా బువ్వ నువ్వే తేవాలని ఏడ రాసున్నది?”

రాజలింగు చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. అదే సమయానికి తెర మీద మళ్లీ అదే మాట వచ్చింది. పూర్తి కాలేదు.

“ఇగ సేఫ్ మోడుల పోయి చేస్త. అండ్ల అయితె ఏదీ అడ్డం రాదు” అని విజయేందర్ కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపాడు.

తెర నల్లబడింది, నీలమైంది, మళ్లీ నల్లబడింది. రాజలింగు కుర్చీ వీపు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చివరికి విజయేందర్ వేళ్లు విరుచుకున్నాడు.

“అయింది కాకా! ఆదివారానికి పోయింది.”

రాజలింగు వంగి తెర మూలన చూశాడు.

“నన్ను పోరగాన్ని చేస్తున్నవా? గీడ బుధవారమనే ఉంది!”

“తారీకు ఎనక్కి పోదు. లోపలి ప్రోగ్రాములే పోతయ్.”

“మరి అర్జీ?”

“ఏ అర్జీ?”

“సోమవారం గీ పోరి పంపిన అర్జీ. అది ఎనక్కి వచ్చిందా లేదా?”

విజయేందర్ కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశాడు.

“అయ్యో కాకా! దాని కోసమా ఇదంత? పెండ్లి పత్రికలు పంచినంక ప్రెస్సుకు తాళం ఏస్తె పెండ్లి ఆగుతదా? అర్జీ వాళ్ల ఆఫీసుకు ఎప్పుడో చేరింది. గీ డబ్బను ఏ ఆదివారానికి గుంజినా అది రాదు.”

“నేను చెప్తె ఇంటివా?” అంది నిఖిత.

రాజలింగు వంగి వైర్లన్నీ పీకి, సీపీయూ పెట్టెను రెండు చేతులతో పైకి లేపాడు.

“రాకుంటె రాకపాయె! గిది ఇంట్ల ఉంటె ఇంకో అర్జీ పెడుతవ్. వాళ్లు పిలిచిన్నాడు నేను గూడ వస్త. గేటు కాడ అడ్డం పండుకుంట. నా మీదికెల్లి ఎక్కిచ్చుకపో డంపర్‌ను! కంపెనీ గాదు, దాని తాత వచ్చి అడిగినా నా బిడ్డను గనికి పంప!”

“బాపూ, అండ్ల నా ప్రాజెక్టు ఉన్నది! అవ్వా, నువ్వన్న చెప్పు!”

వినోద పిండి చేతులతోనే వచ్చింది. భర్త ఎత్తిన పెట్టెను అటువైపు నుంచి గట్టిగా పట్టుకుంది.

“దించు. బిడ్డ గనికి పోదు.”

“అట్ల చెప్పు దానికి!” రాజలింగు గెలిచినవాడిలా కూతురి వైపు చూసి, పెట్టెను బల్ల మీద దించాడు.

వినోద దాని మీద అంటిన పిండిని కొంగుతో తుడిచింది.

“అర్జీ నాది. ట్రైనింగుకు పోయేది నేను” అంది.