మేనత్త పరీక్ష

"మీరు ఊఁ అంటే చాలు రాకుమారీ. సాయంత్రానికల్లా ఈ వచ్చినాయనే మా డ్యూక్," అన్నాడు బారన్ రాబెనౌ.

ఆవిడ ఊఁ అనలేదు. విప్లవంలో మహలు తగలబడి పన్నెండేళ్లయింది. రాజకుటుంబంలో డ్యూక్ చెల్లెలు ఒటీలియా ఒక్కతే మిగిలిందని, సరిహద్దు దాటి లొసాన్‌లో తలదాచుకున్న పాత కొలువంతా ఆవిడని నెత్తిన పెట్టుకుంది. ఒటీలియా ఏనాడూ కొలువులోకి వచ్చేది కాదు; దగ్గర్నుంచి ఎరిగినవాళ్లంతా మంటల్లో పోయారు. సరస్సు ఒడ్డున ఈ ఇల్లు, గుమ్మంలో వంగే తలలు, అన్నీ ఆ పేరు మీదే నడుస్తున్నాయి. ఆ డ్యూక్ కొడుకు లోథర్ బతికి వస్తే బిరుదూ అతనిదే, ఇల్లూ అతనిదే.

తానే లోథర్‌నంటూ ఇదివరకు ముగ్గురొచ్చారు. ముగ్గురి బండారమూ పది నిమిషాల్లో బయటపడింది. ఇతను నాలుగోవాడు. ఇరవై రెండేళ్లుంటాయి. మోచేతుల దగ్గర కోటు వెలిసిపోయింది.

ఆవిడ కిటికీకి వీపు పెట్టి కూర్చుని, అతన్ని వెలుతుర్లో కూర్చోబెట్టింది. చిన్నప్పటి పొట్టి గుర్రం పేరు అడిగింది. చెప్పాడు. తల్లి పాడే జోలపాట అడిగింది. అదీ చెప్పాడు. ఎవరో బాగా నూరిపోశారనుకుంది. దేవుడా, వీడూ దొంగే అయ్యుండాలి అని మొక్కుకుంది.

"మీ మొహం సరిగ్గా గుర్తులేదత్తా. గొంతు మాత్రం చిన్నప్పుడు విన్నదే," అన్నాడతను.

"వినక? ఒకే ఇంట్లో ఉన్నాంగా," అంది ఆవిడ ముభావంగా.

ఇక మిగిలింది ఒకటే పరీక్ష. ఆ ఇంటి పిల్లలు కూర్చునేటప్పుడు వెనక్కి చూడరు. కుర్చీ ఉందో లేదో చూసుకోవాలన్న ఆలోచనే వాళ్లకి రాదు. వెనక ఎవరో ఒకరు నిలబడి జరుపుతారు. ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఎంత నేర్చినవాడైనా ఆఖర్లో కాస్తయినా మెడ తిప్పుతాడు.

వంటమనిషి మార్తని చాటుకి పిలిచి, అతని కుర్చీ మూరెడు వెనక్కి లాగి పట్టుకోమంది.

"చూసుకోకుండా కూర్చుంటే నడుం విరుగుతుంది కదమ్మా?"

"అప్పటికి నువ్వు ముందుకి తోస్తావుగా. అయినా చూస్తాడులే. వీడూ చూస్తాడు."

భోజనానికి లేచారు. అతను బారన్‌తో ఏదో మాట్లాడుతూ బల్ల దగ్గరికొచ్చాడు. మాట ఆపలేదు. మెడ తిప్పలేదు. గాల్లోనే కూర్చున్నాడు. మార్త హడలిపోయి కుర్చీ తోసింది. అతనికి ఆ సంగతే తెలీదు. సూప్ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

ఇంక అనుమానం లేదు. లోథరే.

రుమాలు బల్ల మీద పెట్టి లేచింది. "ఇతన్ని పంపించెయ్యండి బారన్. మావాడు కాదు."

బారన్ కూడా లేచాడు. "అన్నీ సరిగ్గానే చెప్పాడు కదా రాకుమారీ?"

"మా ఇంటి బిడ్డని నేను పోల్చుకోలేనా?"

"అత్తా..." అన్నాడతను. టోపీ తీసుకుని మెట్లు దిగాడు. నడక అచ్చం తల్లిదే. ఆవిడకి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. పాపం, ఆకలితో వెళ్లిపోయాడు. కానీ అతన్ని ఇంట్లో ఉండనిస్తే తనకి బతుకుండదు.

ఆ మహల్లో ఆ పిల్లాడి వెనకా, మంటల్లో పోయిన అతని అసలు మేనత్త వెనకా, ఏళ్ల తరబడి నిలబడి కుర్చీలు జరిపింది తనే.