రికార్డులో ఉన్నట్టే

"ఆ ట్యూన్ తప్ప ఇంకేదైనా వాయించు," అంది మార్గరెట్, పియానో మీంచి చేతులు తీసేసి.

భానుప్రకాష్ పెదాల దాకా వచ్చిన కార్నెట్‌ని, ట్రంపెట్‌కి పొట్టి తమ్ముడిలా ఉండే ఆ ఇత్తడి వాయిద్యాన్ని, మెల్లగా కిందికి దించాడు.

"ఎందుకని?"

"'లాస్ట్ బస్ టు క్రూక్స్' ఆర్థర్ ముందు ఎవరూ వాయించరు. ఆయనే వాయించడు. రికార్డు వచ్చి అరవై ఏళ్లయింది, ఎంతమంది బతిమాలినా స్టేజి మీద ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. షెఫీల్డ్‌లో జాజ్ వినేవాళ్లందరికీ తెలుసు."

షెఫీల్డ్‌కి వచ్చి పది నెలలైన భానుకి మాత్రం తెలీదు.

పబ్ మేడ మీద గది. కిటికీ పక్కన చేతికర్ర ఆనించుకుని కూర్చున్నాడు ఆర్థర్ గ్లెడిల్. హార్డ్ బాప్ జాజ్ అంటే చెవికోసుకునేవాళ్లు ఈయన క్వింటెట్ రికార్డులు అద్దాల బీరువాల్లో దాచుకుంటారు. ఆ రికార్డులు చేసిన అయిదుగురిలో మిగిలింది ఈయనొక్కడే. ఈ మధ్యే కట్టుడు పళ్లు పెట్టారు. కట్టుడు పళ్లతో కార్నెట్ మునుపటిలా పలకదు. అందుకే బ్యాండులో తన కుర్చీ ఎవరికిచ్చేదీ ఇవాళ తేల్చేస్తానన్నాడు. మ్యూజిక్ కాలేజీ కుర్రాళ్లిద్దరు అప్పటికే వాయించి, చప్పట్లు కొట్టించుకుని, గోడకానుకుని నిలబడ్డారు.

తోడొచ్చిన హౌస్‌మేట్ లాస్య భాను చొక్కా లాగింది. "వేరేదేదైనా వాయించెయ్‌రా. గొడవెందుకు?"

"వేరేది ఇంత బాగా రాదే!"

"ఎనిమిది నెల్ల నుంచీ ఒక్క పాటేనా? కార్నెట్ మూతిలో సాక్సు కుక్కి మరీ మా ప్రాణాలు తీశావు కదరా!"

"ఆ సోలో అంత కష్టం మరి. షిఫ్టు మార్చుకుని వచ్చానే, ఇది వాయించకుండా ఎలా వెళ్తాను?"

టక్, టక్. ఆర్థర్ చేతికర్రతో నేల మీద కొట్టాడు.

"వాయించనీ, మార్గరెట్."

గదంతా ఆయన వైపు తిరిగింది. ఆయన మళ్లీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"సరే, ఏ శ్రుతి?" అంది మార్గరెట్.

"రికార్డులో ఉన్నదే. బి."

"నా ఖర్మ! అన్నీ నల్లమెట్లే. ఈ శ్రుతిలో ఎవరైనా పాట కడతారా? ఆర్థర్, నీ పొగరు ఆ రోజుల్లో ఏ రేంజిలో ఉండేదయ్యా!"

డ్రమ్మర్ పుల్లలతో లెక్క మొదలుపెట్టాడు. భాను చెయ్యెత్తాడు.

"ఇంకొంచెం ఫాస్ట్."

డ్రమ్మర్ పెంచాడు.

"ఇంకొంచెం. రికార్డులో ఉన్నంత."

"నాకు అరవై మూడు బాబూ," అన్నాడు డ్రమ్మర్. అయినా పెంచాడు.

భాను కళ్లు మూసుకుని ఊదాడు. మొదటి వరసలు శాక్సాఫోన్‌తో కలిసి బాగానే వెళ్లాయి. సోలో వచ్చింది. కొండ మీది క్రూక్స్‌కి ఆఖరి బస్సు కదిలిపోతుంటే వెనకాలే పరిగెత్తేవాడిలా స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ పైపైకి పోయాయి. మార్గరెట్ రెండు చోట్ల తడబడి చేతులెత్తేసింది. బేస్ వాయించేవాడి వేళ్లు కొంకర్లు పోయాయి. చివరికి డ్రమ్ములూ కార్నెట్టూ మాత్రమే మిగిలాయి. భాను ఇదేదీ చూడలేదు. బస్సెక్కేదాకా ఆగలేదు.

ఆఖరి స్వరం ఆగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాలేజీ కుర్రాళ్లు గోడ వదిలేసి ముందుకొచ్చి నిలబడిపోయారు. "మావాడే," అంది లాస్య, అడగకపోయినా, పక్కనున్నవాళ్లతో.

ఆర్థర్ లేచాడు. కర్ర పోటేసుకుంటూ వచ్చి భాను ఎదురుగా నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయిపోయింది, పెద్దాయనకి కోపం వచ్చింది అనుకున్నాడు భాను.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మీ రికార్డు వినేనండీ. ఒక్కో ముక్కా వందలసార్లు విన్నాను."

"ఎవరూ చెప్పలేదా, అది ఎవరివల్లా కాదని?"

"లేదండీ. రికార్డులో మీరు వాయించారు కదా, వస్తుందనుకున్నాను."

ఆర్థర్ భుజానికి తగిలించుకున్న పాత తోలు కేసు తీశాడు. అరవై ఏళ్లు తను వాయించిన కార్నెట్ అందులోనే ఉంది. దాన్ని భాను చేతుల్లో పెట్టాడు.

"కుర్చీ నీదే అబ్బాయ్. వచ్చే శనివారం నుంచి."

లాస్య భాను వీపు మీద ఒక్కటి చరిచింది.

"మీ అంత బాగా రాలేదండీ," అన్నాడు భాను.

ఆర్థర్ ఆ కట్టుడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"నేను వాయించింది ఇంత స్పీడూ కాదు, ఇంత పైశ్రుతీ కాదు అబ్బాయ్. నాకు చెప్పకుండా టేపు స్పీడు పెంచి ఆ రికార్డు వేశారు. ఆ సోలోని మనిషన్నవాడు వాయించడం ఇదే మొదటిసారి!"